గన్నవరం నుంచి రేణిగుంటకు: ఎంత దూరం, ఎంత సేపు?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని హాస్టల్ నుంచి కబురు వచ్చినప్పుడు మేము మొదట కవిత రాద్దామనుకున్నాం. కానీ ప్రతి సంచికలోనూ అమ్మ మీద మూడు కవితలు, గురువు మీద రెండు ఎలాగూ ఉంటాయి. ఆ పని తమ్ముళ్లకే వదిలేసి, మేము ఒకప్పుడు మెస్ బిల్లు వెనకాల వేసిన లెక్క ఒకటి ఇక్కడ రాస్తున్నాం. గన్నవరం విమానాశ్రయం నుంచి రేణిగుంట విమానాశ్రయానికి, అంటే విజయవాడ నుంచి తిరుపతికి, విమానంలో ఎంత దూరం, ఎంత సేపు అన్నదే ఆ లెక్క.

మేము అంటే ఒక్కరం కాదు. తెనాలిలోని మన హాస్టల్ మేడ మీద చివరి గదిలో 2019 నుంచి 2022 దాకా ఉండి డిగ్రీ చదివిన నలుగురం. రాసే చెయ్యి ఒకటే గానీ లెక్క నలుగురిదీ. మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చినవాళ్లలో మేమే మొదటివాళ్లం. విమానం గురించి అడిగి తెలుసుకుందామంటే, ఎక్కినవాళ్లు మా చుట్టాల్లో కూడా లేరు.

2022 చివర్లో సంగతి. మాలో ఒకడికి తిరుపతిలోని ఒక విశ్వవిద్యాలయంలో పీజీ సీటు వచ్చింది. అదే సమయంలో వాడి ఫోన్ పాడై నాలుగు రోజులు రిపేరు షాపులో ఉంది. ముందు రోజు రాత్రి తెచ్చుకుని, చార్జింగ్ పెట్టి, పొద్దున 7:40కి ఆన్ చేస్తే వరసగా మెసేజ్‌లు. కాలేజీలో రిపోర్టు చేయడానికి చివరి గడువు ఆ రోజు సాయంత్రం 5 గంటలు! ఒరిజినల్ సర్టిఫికెట్లతో స్వయంగా హాజరు కావాలి. లేకపోతే సీటు పోతుంది.

వాడు వాళ్ల నాన్నకు ఫోన్ చేశాడు. ఆయన వరి కోతల్లో ఉన్నాడు. సంగతి విని, పక్కనున్న మేస్త్రీతో మాట్లాడి వెంటనే చెప్పాడు: "విమానం ఎక్కు నాన్నా. నలభై నిమిషాలేనంట. డబ్బులు నేను ఫోన్‌కి వేయిస్తా." టికెట్ ధర చూశాం. 4,600 రూపాయలు. ఆయనకు అది పది రోజుల కూలి.

ఆ "నలభై నిమిషాలు" అన్న మాట నిజమా కాదా అన్నది ఆ పొద్దున మాకు చాలా ముఖ్యమైంది. నలుగురిలో ఇద్దరం లెక్కలు, ఫిజిక్స్ చదివినవాళ్లం. కాగితం, పెన్సిలు తీశాం.

దూరం లెక్క

తమ్ముళ్లూ, ఈ లెక్కకు పదో తరగతి చదువు చాలు. భూమి మీద ఉత్తర-దక్షిణ దిశలో ఒక డిగ్రీ అక్షాంశం అంటే సుమారు 111 కి.మీ. భూమి చుట్టుకొలత దాదాపు 40,000 కి.మీ., దాన్ని 360తో భాగిస్తే వచ్చేది అదే. రేఖాంశాల మధ్య దూరం మాత్రం అన్ని చోట్లా ఒకేలా ఉండదు. భూమధ్యరేఖ దగ్గర 111 కి.మీ. ఉన్నది పైకి వెళ్లే కొద్దీ తగ్గుతూ, ధ్రువాల దగ్గర సున్నా అవుతుంది. ఒలిచిన బత్తాయి తొనలను చూస్తే సంగతి తెలిసిపోతుంది: మధ్యలో వెడల్పు, కొసల్లో సన్నం. ఎంత తగ్గుతుందో చెప్పేది కొసైన్. మన ప్రాంతం సుమారు 15 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. కాస్ 15 డిగ్రీల విలువ 0.966.

గన్నవరం విమానాశ్రయం 16.53 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.80 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. రేణిగుంట విమానాశ్రయం 13.63, 79.54. అక్షాంశాల తేడా 2.90 డిగ్రీలు. దాన్ని 111తో గుణిస్తే 322 కి.మీ. ఇది దక్షిణానికి పోవాల్సిన దూరం. రేఖాంశాల తేడా 1.26 డిగ్రీలు. దాన్ని 111తోను, 0.966తోను గుణిస్తే 135 కి.మీ. ఇది పడమరకు పోవాల్సిన దూరం. ఈ రెండూ లంబకోణ త్రిభుజంలో రెండు భుజాలు. మనకు కావాల్సింది కర్ణం. 322 వర్గం, 135 వర్గం కూడి వర్గమూలం తీస్తే 349 కి.మీ. వస్తుంది.

నిజానికి ఆ పొద్దున మేము కొసైన్ సంగతి మరిచిపోయాం. రేఖాంశాన్ని కూడా 111తోనే గుణించాం. 351 వచ్చింది. రెండు కిలోమీటర్ల తప్పు! ఇంత చిన్న దూరానికి పెద్దగా ఏమీ కాలేదు గానీ, ఢిల్లీకో దుబాయికో ఇలా లెక్క వేస్తే నవ్వులపాలవుతాం. దూరం పెరిగితే భూమి గుండ్రదనం లెక్కలోకి వస్తుంది, పైథాగరస్ ఒక్కడే సరిపోడు. గోళం మీద రెండు చోట్లను కలిపే అతి దగ్గరి దారిని మహావృత్తం అంటారు. గ్లోబు మీద ఒక దారాన్ని బిగుతుగా లాగి పట్టుకుంటే అది కనిపిస్తుంది. మన గన్నవరం-రేణిగుంట దూరానికి మహావృత్తం లెక్క వేసినా ఆ 349 కి.మీ.లే వస్తాయి.

విమానాల వాళ్లు ఈ దూరాన్ని కిలోమీటర్లలో చెప్పరు. 188 నాటికల్ మైళ్లు అంటారు. ఒక డిగ్రీలో 60 నిమిషాలుంటాయి కదా, అక్షాంశంలో ఒక నిమిషం దూరమే ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కి.మీ. ఓడల కాలం నుంచి వచ్చిన కొలత ఇది.

మరి నేల మీద ఎంత? రైలు దారి విజయవాడ నుంచి తెనాలి, బాపట్ల, చీరాల, ఒంగోలు, నెల్లూరు మీదుగా గూడూరు వరకు దిగి, అక్కడ పడమటికి తిరిగి రేణిగుంట, తిరుపతి చేరుతుంది. మొత్తం సుమారు 385 కి.మీ. రోడ్డు దారి 400 పైన. ఆకాశం దారితో పోలిస్తే రైలు దారి పదో వంతు మాత్రమే ఎక్కువ. ఇది మాకు ఆశ్చర్యంగా అనిపించింది. ఆకాశంలో పోతే సగం దూరం కలిసివస్తుందేమో అన్న భ్రమ అప్పటిదాకా మాలో ఉండేది.

ఆ తర్వాత ఒక రోజు లైబ్రరీలో ఆంధ్రప్రదేశ్ పటం మీద ఈ రెండు చోట్లకు స్కేలు పెట్టి గీత గీశాం. (పెన్సిల్‌తోనే, చెరిపేశాం కూడా.) తమ్ముళ్లూ, మీరూ ఒకసారి గీసి చూడండి. గీత గన్నవరం నుంచి బయలుదేరి కృష్ణ దాటి వచ్చి దాదాపు మన తెనాలి మీదుగా పోతుంది. సరిగ్గా చెప్పాలంటే ఊరికి నాలుగు కిలోమీటర్లు తూర్పుగా. తర్వాత సూర్యలంక దగ్గర సముద్రం మీదికి వెళ్లిపోతుంది! చీరాల, ఒంగోలు అన్నీ కుడి చేతి వైపు ఒడ్డున ఉండిపోతాయి. మన తీరం అక్కడ విల్లులాగా లోపలికి వంగి ఉంటుంది. రైలు ఆ వంపు వెంట తిరిగి పోతే, గీత మాత్రం వింటినారిలాగా తిన్నగా నీళ్ల మీద నుంచి పోతుంది. నూరు కిలోమీటర్లకు పైగా సముద్రం మీద సాగి, కావలి ప్రాంతంలో మళ్లీ నేల మీదికి వస్తుంది. నెల్లూరును ఎడమ పక్కన వదిలి, వెంకటగిరి, శ్రీకాళహస్తిల మధ్యగా రేణిగుంటలో దిగుతుంది. తిరుపతికి పోవడానికి సముద్రం దాటాలని మాకు ఏ పాఠంలోనూ ఎవరూ చెప్పలేదు!

అయితే విమానం సరిగ్గా ఈ గీత మీదే పోతుందని అనుకోకూడదు. ఆకాశంలో కూడా నిర్ణయించిన దారులు, మలుపు గుర్తులు ఉంటాయి. కంట్రోలర్ చెప్పిన చోట తిరగాలి, చెప్పిన ఎత్తులో ఉండాలి. పైగా రేణిగుంటకు తూర్పున 75 కి.మీ. దూరంలోనే శ్రీహరికోట ఉంది. అక్కడ రాకెట్ ప్రయోగం ఉన్న రోజు ఏ ప్రాంతంలోకి, ఏ వేళలో రాకూడదో విమానాలకు ముందే నోటీసు ఇస్తారు. కాబట్టి 349 అన్నది కనీస దూరం. ఎగిరే దూరం దానికంటే కొంత ఎక్కువే ఉంటుంది.

వేగం దగ్గర చేసిన తప్పు

ఇప్పుడు సమయం. ఆ పొద్దున మేము చేసిన అసలు తప్పు ఇక్కడుంది. విమానం వేగం గంటకు 800 కి.మీ. అని ఎక్కడో చదివిన గుర్తు. 349ని 800తో భాగిస్తే 26 నిమిషాలు. "మేస్త్రీ చెప్పిన నలభై కంటే కూడా తక్కువే రా!" అని మాలో ఒకడు అరిచాడు.

గంటకు 800 కి.మీ. పైన పోయేవి పెద్ద జెట్ విమానాలు, అదీ బాగా ఎత్తుకు చేరిన తర్వాత. చిన్న విమానాశ్రయాల మధ్య తక్కువ దూరాలకు ఎక్కువగా నడిపేది ఏటీఆర్ 72 లాంటి ప్రొపెల్లర్ విమానాలు. రెండు రెక్కలకు రెండు పంఖాలుంటాయి. 70కి పైగా సీట్లు. పూర్తి వేగం గంటకు సుమారు 510 కి.మీ. 349ని దానితో భాగిస్తే 41 నిమిషాలు. ఆ లెక్కన మేస్త్రీయే మా కంటే నయం. ఆయన ఏ లెక్కా వేయలేదు, ఎక్కినవాళ్లను అడిగి చెప్పాడంతే.

మరి వేగంగా పోయే జెట్ ఉండగా నిదానంగా పోయే దాన్ని ఎందుకు నడుపుతారు? ఈ ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు వేధించింది. ఎం.ఎస్సీ. చదివేటప్పుడు జవాబు దొరికింది. విమానం ఎక్కడం, దిగడం రెండూ వాలుగా జరగాలి. దిగడానికి పైలట్లు వాడే ఒక ముతక లెక్క ఉంది: ఎత్తును వేల అడుగుల్లో తీసుకుని 3తో గుణిస్తే, అన్ని నాటికల్ మైళ్ల ముందే దిగడం మొదలుపెట్టాలి. జెట్ 30,000 అడుగుల ఎత్తులో ఉంటే 90 నాటికల్ మైళ్లు, అంటే 167 కి.మీ. ముందే దిగడం ప్రారంభించాలి. అంత ఎత్తుకు ఎక్కడానికీ ఇంచుమించు అంతే దూరం పడుతుంది. రెండూ కలిపి 334. మన దారి మొత్తం 349. ఇక పూర్తి వేగంతో పోవడానికి మిగిలింది ఎంత? పదిహేను కిలోమీటర్లు! అందుకే ఇంత చిన్న దారిలో జెట్ కూడా అంత ఎత్తుకు పోదు, దాని వేగం దానికి పూర్తిగా అక్కరకు రాదు. పరుగుపందెంలో గెలిచే వాడిని గదిలో పరుగెత్తమన్నట్టు ఉంటుంది. ఏటీఆర్ 17,000 అడుగుల ప్రాంతంలో ఎగురుతుంది. దిగడానికి 51 నాటికల్ మైళ్లు, అంటే 94 కి.మీ. చాలు. చిన్న దూరాలకు ఇంధనం కూడా తక్కువ తాగుతుంది.

గాలి సంగతి కూడా చెప్పుకోవాలి. ఎదురుగాలి గంటకు 50 కి.మీ. ఉంటే ఏటీఆర్ నేల మీద లెక్కకు 460 వేగంతోనే ముందుకు పోతుంది. 41 నిమిషాలు 45 దాటతాయి. వెనక నుంచి అదే గాలి వీస్తే 37 నిమిషాలకు కొద్దిగా ఎక్కువ. పోయేటప్పుడు పోగొట్టుకున్నది వచ్చేటప్పుడు పూర్తిగా తిరిగి వస్తుందా? రాదు. రెండూ కూడి చూడండి. దాదాపు 83 నిమిషాలు. గాలి లేని రోజు 82. గాలి ఏ వైపున వీచినా రానూపోనూ ప్రయాణంలో కొంచెం నష్టమే మిగులుతుంది. ఎందుకో తమ్ముళ్లు ఆలోచించి చెప్పాలి. ఎదురుగాలిలో ఎక్కువ సేపు ఉంటాం, తోడుగాలిలో తక్కువ సేపు ఉంటాం, అంతే. (చెప్పేశాం!)

టికెట్ మీద వేసే సమయం ఈ 41 నిమిషాలు కాదు. నిలబడి ఉన్న విమానం చక్రాలకు అడ్డుగా దిమ్మెలు పెడతారు. ఆ దిమ్మెలు తీసి విమానం కదిలిన నిమిషం నుంచి, దిగిన ఊళ్లో ఆగి మళ్లీ దిమ్మెలు పెట్టే వరకు లెక్క. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే చివరికి నడుచుకుంటూ పోవడం ఇందులో ఉంది. గన్నవరం రన్‌వే దాదాపు తూర్పు-పడమరగా ఉంటుంది. దాని చివర్లలో 08, 26 అని పెద్ద అంకెలు రాసి ఉంటాయి. చివర ఒక సున్నా చేర్చి చదివితే దిక్సూచి మీద 80 డిగ్రీలు, 260 డిగ్రీలు. తిరుపతి ఉన్నది దక్షిణానికి కొంచెం పడమరగా, సుమారు 203 డిగ్రీల వైపు. విమానం గాలికి ఎదురుగా లేవాలి. తూర్పు గాలి ఉన్న రోజు తూర్పుకు లేచి, 120 డిగ్రీలకు పైగా తిరగాలి. పడమటి గాలి రోజు 57 డిగ్రీలు తిరిగితే చాలు. రేణిగుంట రన్‌వే కూడా తూర్పు-పడమరే కాబట్టి అక్కడా మళ్లీ వరసలోకి తిరగాల్సిందే. నేల మీద నడవడానికి పది నిమిషాలు, ఎక్కడంలో తగ్గే వేగానికి ఆరు, దిగే ముందు వరసలోకి రావడానికి ఏడు, దిగాక ఆగడానికి ఐదు వేసుకున్నాం. 69 నిమిషాలు వచ్చింది. గంటా పది నిమిషాలు అనుకోండి.

ఆ రోజు లెక్క

ఇవన్నీ ఆ పొద్దున మాకు తెలియవు. టికెట్ మీద ఉన్న సమయం చూసి, మిగతాది ఊహించుకుని వేసిన లెక్క ఇది. విమానం బయలుదేరేది మధ్యాహ్నం 1:20కి, చేరేది 2:30కి. గంట ముందే కౌంటర్ మూసేస్తారు. అంటే 12 గంటలకల్లా గన్నవరంలో ఉండాలి. తెనాలి నుంచి గన్నవరం యాభై కి.మీ. పైనే, విజయవాడ ట్రాఫిక్ దాటుకుని రెండు గంటలు. పదింటికైనా హాస్టల్ వదలాలి. రేణిగుంటలో దిగి బయటికి వచ్చేసరికి 2:50, ఊళ్లోకి పదిహేను కి.మీ., విశ్వవిద్యాలయం గేటు చేరేసరికి 3:40.

రైలైతే? 9:10కి చెన్నై వైపు పోయే బండి తెనాలిలో ఆగుతుంది. గూడూరులో ఒంటి గంటా పావుకి దిగొచ్చు. అక్కడి నుంచి బస్సు నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా రెండున్నర గంటలు. తిరుపతి నాలుగింటికి.

రెంటికీ తేడా ఇరవై నిమిషాలు! నలభై నిమిషాల విమానం, ఏడు గంటల నేల ప్రయాణం, చివరికి తేడా ఇరవై నిమిషాలు. కారణం అర్థమయ్యాక నవ్వొచ్చింది. విమానం ఎక్కడానికి వాడు ముందు తిరుపతికి వ్యతిరేక దిక్కున ఉత్తరానికి పోవాలి, అక్కడ గంటకు పైగా కూర్చోవాలి, తర్వాత లేచి ఏడెనిమిది నిమిషాల్లో మళ్లీ మన హాస్టల్ మీదుగానే తిరుపతికి పోవాలి! బయలుదేరిన చోటికే మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు వస్తాడన్నమాట.

దూరం ఎక్కువైతే ఈ లెక్క తిరగబడుతుంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఆకాశంలో సుమారు 1,250 కి.మీ., విమానంలో రెండు గంటల పైచిలుకు, రైలుకు ఒక పగలూ ఒక రాత్రీ. అక్కడ విమానాశ్రయంలో కాచుకున్న రెండు మూడు గంటలు ఒక లెక్కలోకి రావు. మన 349 కి.మీ.ల్లో మాత్రం అవే ఎక్కువ. గన్నవరం పక్కనే ఇల్లున్నవాడికి మళ్లీ వేరే లెక్క. విమానం అందరికీ ఒకే సమయాన్ని మిగల్చదు, ఇల్లు ఎక్కడుందో దాన్ని బట్టి మిగుల్చుతుంది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద మొదటి విమానాలు ఎగిరినప్పుడు వాటిలో మన కడప-హైదరాబాద్ కూడా ఒకటి. గంట ప్రయాణానికి సగం సీట్లను 2,500 రూపాయల లోపు ఇవ్వాలని నియమం పెట్టారు. చిన్న ఊళ్లకు విమానం రావడం మంచిదే. కానీ ఊరి నుంచి ఆ విమానాశ్రయానికి పోయే బస్సు కూడా రావాలని మా అభిప్రాయం.

వాడు రైలే ఎక్కాడు. జనరల్ టికెట్టు. చీరాల దాకా నిలబడి పోయాడు. ఫైలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి చొక్కా లోపల పెట్టుకున్నాడు. మేము ముగ్గురం హాస్టల్లో గోడ గడియారం కింద కూర్చున్నాం, ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి ఎవరం దిగలేదు. గూడూరులో బండి అరగంట ఆలస్యం. శ్రీకాళహస్తి నుంచి ఫోన్ చేసినప్పుడు 3:50. వాడి గొంతు వణుకుతోంది. 4:35కి గేటు లోపలికి పరుగెత్తాడు. చూస్తే అక్కడ డెబ్బై మంది క్యూలో ఉన్నారు. గడువు 5 గంటలే గానీ, గేటు లోపలికి వచ్చినవాళ్లందరికీ టోకెన్లు ఇచ్చి రాత్రి ఏడింటి దాకా తీసుకున్నారు. వాళ్ల నాన్న కోత ముగించుకుని సరిగ్గా ఏడుంబావుకి ఫోన్ చేశాడు: "విమానం ఎలా ఉంది నాన్నా?"

2024లో వాడు ఎం.ఎస్సీ. పూర్తి చేశాడు, ఉద్యోగమొచ్చింది. మొదటి జీతాలు కూడబెట్టి వాళ్ల నాన్నను గన్నవరం నుంచి రేణిగుంటకు విమానంలో తీసుకెళ్లాడు, కొండకు. మా లెక్క సరిచూడమని వాడికి అప్పగించాం. ఫోన్‌లో రాసుకొచ్చాడు: కదిలింది 10:50, లేచింది 11:01, నేల తాకింది 11:52, ఆగింది 11:57. మొత్తం 67 నిమిషాలు. మా లెక్క 69. గాలిలో ఉన్నది 51 నిమిషాలు. వాళ్ల నాన్న మాత్రం ఊళ్లో అందరికీ నలభై నిమిషాలనే చెబుతున్నాడట.

తమ్ముళ్లకు ఒక సంగతి. ఎప్పుడైనా ఆ విమానం ఎక్కితే కుడి వైపు కిటికీ సీటు అడగండి. గీత మన ఊరికి తూర్పుగా పోతుంది కాబట్టి తెనాలి కుడి పక్కన వస్తుంది. లేచిన ఏడెనిమిది నిమిషాలకు చూడాలి. వాడు చూశాడు. కాలువలు కనిపించాయి, రైలు పట్టాలు కనిపించాయి, స్టేషన్ కూడా గుర్తుపట్టాడు. హాస్టల్ మాత్రం పోల్చుకోలేకపోయాడు, పైనుంచి అన్ని డాబాలూ ఒకేలా ఉన్నాయట. వార్డెన్ గారు ఈసారి సున్నం వేయించేటప్పుడు మేడ మీద వాటర్ ట్యాంకుకు నీలం రంగు వేయిస్తే బాగుంటుంది.